జంట రాళ్లు ఇచ్చిన దారి

*చిందరవందర దారిలో పడిన అణువు ఎందుకు ఆగిపోతుంది? ఆ చిందరవందరలోనే చిన్న చుట్టరికం కలిస్తే మళ్లీ ఎందుకు కదులుతుంది? యాభై ఏళ్ల వెతుకులాట యథార్థ గాథ.*

మా అనంతపురం పల్లెల్లో వానను మిల్లీమీటర్లలో కొలవరు, పదునుల్లో కొలుస్తారు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడే నేల ఇది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యపు మేఘాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. మిగిలిందే మాకు. ఆ కాస్త తడిని నమ్ముకునే ఎర్రనేలలో వేరుశనగ విత్తుతారు.

చిన్నప్పుడు మా జేజినాయనను ఒక మాట అడిగాను. పోయినేడూ ఇంతే వాన కదా, అప్పుడు ఇంటినిండా కాయలుంటే ఈసారి కట్టె మాత్రమే ఎందుకు మిగిలిందని. కళ్లంలో కట్టె విదిలిస్తూ ఆయన అన్నాడు: “వాన ఎంత పడిందని కాదప్పా. ఒక వాన ఎనకాల ఇంకో వాన ఎప్పుడొచ్చిందో సూడు.”

పునర్వసులో విత్తనం పడితే మఖ, పుబ్బ కార్తెలకు ఊడలు దిగుతాయి. అప్పుడు నేల మెత్తగా లేకపోతే ఊడ లోపలికి పోదు, కాయ పట్టదు. విత్తిన పదునుకూ ఊడల పదునుకూ పొత్తు కుదరాలి. ఆ పొత్తు కుదరని ఏడు, మొత్తం లెక్కలో వాన తగ్గకపోయినా గంప నిండదు.

ఎన్నో ఏళ్ల తర్వాత భౌతికశాస్త్ర పత్రాలు చదువుతున్నప్పుడు ఆ మాట మళ్లీ నా చెవిలో పడింది. అణువుల (పరమాణువులనే ఇక్కడ అణువులంటున్నాను) లోకంలో కూడా ఇదే ప్రశ్న ఉంది. దారిలో ఎన్ని అడ్డంకులున్నాయన్నది ఒక లెక్క. ఒక అడ్డంకికీ దాని పక్క అడ్డంకికీ ఏమైనా పొత్తు ఉందా అన్నది మరో లెక్క. ఈ రెండో లెక్క ఎంత బలమైనదో తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు 1958 నుంచి 2008 దాకా పట్టింది. ఆ కథే ఇది.

చెరువులో అల

ముందు ఒక అల కథ చెప్పాలి. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువుంది. పద్నాలుగో శతాబ్దంలో, విజయనగర ప్రభువు బుక్కరాయల కాలంలో పండమేరు మీద కట్టింది. వేసవిలో నీరు తగ్గాక అడుగునున్న రాళ్లు తలలు పైకెత్తుతాయి. ఒక గులకరాయి విసరండి. అల బయలుదేరి మొదటి రాయికి తగులుతుంది. కొంత ముందుకు పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. రెండో రాయి దగ్గరా అంతే, మూడో రాయి దగ్గరా అంతే. తిరిగి వచ్చిన అలలు ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. ఎత్తుకు ఎత్తు తోడైతే అల పెరుగుతుంది. ఎత్తుకు పల్లం ఎదురైతే రెండూ చల్లారిపోతాయి.

ఎలక్ట్రానూ అణువూ కూడా ఇలాంటి అలలేనన్నది క్వాంటం సిద్ధాంతం చెప్పిన మొదటి వింత. స్ఫటికంలో పరమాణువులు ఒక్క కొలతతో వరుసగా నిలబడి ఉంటాయి. అలాంటి వరుసలో ఎలక్ట్రాన్ అల అడ్డూ ఆపూ లేకుండా సాగిపోతుందని 1920ల చివరలోనే తేలింది. వరుస చెదిరితే? తాగినవాడు సంతలో తడబడుతూ నడిచినట్టు దాని నడక నెమ్మదిస్తుంది, అయినా మెల్లమెల్లగా దూరం జరుగుతూనే ఉంటుంది. అందరూ అనుకున్నది ఇదే.

ముర్రే హిల్: ఆగిపోయిన అల

1950ల మధ్యలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ముర్రే హిల్‌లోని బెల్ ప్రయోగశాల. టెలిఫోన్ కంపెనీ సొమ్ముతో నడిచే ఆ చోట జార్జ్ ఫెహర్ బృందం సిలికాన్ ముక్కల్లో భాస్వరం కలిపి, ఆ భాస్వరం దగ్గరుండే ఎలక్ట్రాన్ల స్పిన్‌లను, అంటే చిన్న అయస్కాంతంలాంటి గుణాన్ని, పరీక్షిస్తోంది. భాస్వరం పరమాణువులు సిలికాన్‌లో ఎక్కడ పడితే అక్కడ చల్లినట్టుంటాయి. ఒక చోట స్పిన్‌లో మొదలైన కదలిక చుట్టుపక్కలకు త్వరగా పాకిపోవాలి. కానీ అది అంచనాలన్నీ దాటి ఎంతో ఎక్కువసేపు అక్కడే ఉండిపోయింది.

అదే ప్రయోగశాలలో ఉన్న ఫిలిప్ ఆండర్సన్ ఈ చిక్కుముడిని పట్టుకున్నాడు. 1958 మార్చిలో ‘ఫిజికల్ రివ్యూ’లో ఆయన పత్రం వచ్చేనాటికి ఆయన వయసు 34. అందులో తేల్చింది ఇది: క్రమం తప్పిన చోట అల నెమ్మదించడమే కాదు, పూర్తిగా ఆగిపోవచ్చు. దానికి ఎదురుగా గోడ ఉండక్కర్లేదు. నలుమూలల నుంచి తిరిగి వచ్చే తన సొంత ప్రతిధ్వనులే కలిసి, దాన్ని బయలుదేరిన చోటే కట్టేస్తాయి. ఆ చోటు నుంచి దూరం పోయేకొద్దీ అల బలం ప్రతి అంగకూ అదే వంతున కరిగిపోతుంది. దీన్నే ఇవాళ ఆండర్సన్ లోకలైజేషన్ అంటారు.

చాలా ఏళ్లు ఆ పత్రం జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. దాన్ని అప్పట్లో నమ్మినవాళ్లు కొద్దిమందేనని, దాని లోతు మొదట్లో తనకే పూర్తిగా అందలేదని 1977లో నోబెల్ అందుకున్నప్పుడు ఆండర్సన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ బహుమతిని నెవిల్ మాట్, జాన్ వాన్ వ్లెక్ ఆయనతో పంచుకున్నారు.

1979: తలుపు మూసుకుంది

1979లో నలుగురు కలిసి రాసిన చిన్న పత్రం ఈ సంగతికి చట్టం లాంటి రూపమిచ్చింది. ఎలిహు అబ్రహామ్స్, ఆండర్సన్, డొనాల్డ్ లిచ్చియార్డెల్లో, మన దేశం నుంచి వెళ్లిన టి.వి. రామకృష్ణన్. రామకృష్ణన్ తర్వాతి కాలంలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. మా ఊరి నుంచి రైలెక్కితే ఆ పూటకే చేరే ఊరు అది.

వాళ్లు తేల్చింది ఇది. మూడు దిక్కులా విస్తరించిన పదార్థంలో క్రమరాహిత్యం ఒక హద్దు దాటితేనే అలలు ఆగుతాయి. పలచని రేకులాంటి దాంట్లో, సన్నని తీగలాంటి దాంట్లో మాత్రం ఎంత కొద్దిపాటి చిందరవందర ఉన్నా చాలు, ముందో వెనకో ప్రతి అలా కట్టుబడిపోవాల్సిందే. తీగలో నడిచే అలకు తప్పించుకునే దారి లేదు.

చట్టం గట్టిదే. కానీ అందులో ఒక మాట దాగి ఉంది. అడ్డంకులు ఒకదానికొకటి ఏ సంబంధమూ లేనివని ముందే అనుకుని కట్టిన చట్టం అది. గుడ్డిగా చల్లిన గింజల్లాంటి అడ్డంకులు. ప్రకృతిలో అలాంటి పూర్తి గుడ్డితనం ఎక్కడుంటుంది? వాన పడిన రోజు పక్కన వాన రోజు ఉంటుంది, ఎండిన వారం పక్కన ఎండిన వారం ఉంటుంది. రాయి పక్కన రాయి ఉంటుంది.

1990: రాయి పక్కన రాయి

ఆ మాటనే పట్టుకున్నారు డేవిడ్ డన్లాప్, హెచ్.ఎల్. వూ, ఫిలిప్ ఫిలిప్స్. 1990లో వచ్చిన వాళ్ల పత్రంలో ఒక గొలుసు ఉంది. దాంట్లో ఎలక్ట్రాన్ నిలవగల చోట్లు, అంటే గూళ్లు, రెండే రకాలు. ఒక రకం గూళ్లు ఎక్కడైనా రావచ్చు. రెండో రకానికి ఒక్కటే షరతు, ఎప్పుడొచ్చినా జంటగానే రావాలి. ఆ జంటలు మాత్రం గొలుసులో ఎక్కడ పడితే అక్కడ ఉండొచ్చు. ‘ర్యాండమ్ డైమర్’ అని దానికి పేరు.

పైనుంచి చూస్తే ఆ గొలుసులో క్రమం ఏమీ కనిపించదు. పాత చట్టం ప్రకారం అందులో ప్రతి అలా ఆగిపోవాలి. లెక్క వేస్తే కొన్ని ఆగలేదు.

కారణం చెరువులోనే ఉంది. ఒంటరి రాయి అలలో కొంత వెనక్కి తిప్పుతుంది. దాని పక్కనే అలాంటిదే మరో రాయి ఉంటే అదీ కొంత తిప్పుతుంది. అల పొడవు ఒక సరైన కొలతలో ఉన్నప్పుడు, మొదటి రాయి నుంచి వచ్చే ఎత్తుకు రెండో రాయి నుంచి వచ్చే పల్లం సరిగ్గా ఎదురవుతుంది. రెండు ప్రతిధ్వనులూ చల్లారిపోతాయి. వెనక్కి వచ్చేది ఏమీ ఉండదు. ఆ పొడవున్న అలకు ఆ జంట రాళ్లు నీళ్లలో లేనట్టే. ఒక జంట కనబడకపోతే అలాంటి వెయ్యి జంటలూ కనబడవు, అవి ఎక్కడ పడి ఉన్నా సరే.

రెండు రకాల గూళ్ల మధ్య శక్తి తేడా, ఒక గూటి నుంచి పక్క గూటికి దూకే బలానికి రెండింతల లోపు ఉండాలి. అప్పుడు ఈ దారి తెరుచుకుంటుంది. గొలుసులో 10,000 గూళ్లుంటే దాదాపు 100 అలస్థితులు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుచుకుంటాయి. మొత్తంలో అవి చాలా తక్కువ, అయినా ఎలక్ట్రాన్‌ను నడిపించడానికి అవి చాలు. తడబడే నడకలో కాలం నాలుగు రెట్లైతే, దూరపు వర్గం సగటున నాలుగు రెట్లే అవుతుంది. ఈ జంటల గొలుసులో అది ఎనిమిది రెట్లవుతుంది. ఆగిపోవాల్సినది పరుగందుకుంది.

ఆమ్లం కలిపితే కరెంటును పోనిచ్చే పాలీఅనిలిన్ అనే ప్లాస్టిక్‌కు ఆ గుణం ఎలా వస్తుందో ఈ జంటల లెక్కతో చెప్పొచ్చని మరుసటి ఏడాది ఫిలిప్స్, వూ ప్రతిపాదించారు.

నన్ను అప్పుడూ ఇప్పుడూ ఆపి నిలబెట్టే సంగతి ఒకటుంది. ఈ గొలుసులో చిందరవందర ఏమాత్రం తగ్గలేదు. ఒక్క రాయీ తీసేయలేదు, ఒక్క రాయినీ చిన్నది చేయలేదు. రాయికి పక్కన తోడు పెట్టారు, అంతే.

కరువు సీమ నుంచి మరో లెక్క

బ్రెజిల్ ఈశాన్యంలో, లోపలికి పోయేకొద్దీ ముళ్లపొదలే మిగిలే కరువు సీమ ఉంది. దాని అంచున అలగోయాస్ రాష్ట్రం, సముద్రం ఒడ్డున మసెయో ఊరు. అక్కడి విశ్వవిద్యాలయం నుంచి డి మౌరా, మార్సెలో లైరా 1998లో ఇంకో అడుగు వేశారు. పక్కపక్క గూళ్ల మధ్యే కాదు, ఎంతో దూరపు గూళ్ల మధ్య కూడా చుట్టరికం ఉంటే ఏమవుతుందన్నది వాళ్ల ప్రశ్న. ఆ పొత్తు తగినంత బలంగా ఉంటే, సన్నని గొలుసులో కూడా అలలు రెండు తెగలుగా చీలతాయని చూపారు. కొన్ని కట్టుబడిపోతాయి, కొన్ని స్వేచ్ఛగా సాగుతాయి. నడిమి గట్టును ‘మొబిలిటీ ఎడ్జ్’ అంటారు. మూడు దిక్కుల పదార్థంలో మాత్రమే ఉండాల్సిన గట్టు అది.

1999లో మెక్సికోలోని ప్వెబ్లా నుంచి ఫెలిక్స్ ఇజ్రాయిలెవ్, ఆర్కాడీ క్రోఖిన్ ఆ గట్టును కోరిన చోట కట్టుకునే పద్ధతి చెప్పారు. ఏ అలను ఆపాలో, ఏ అలను పోనివ్వాలో ముందే నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు అడ్డంకుల మధ్య పొత్తును మలచవచ్చు. మరుసటి ఏడాది జర్మనీలోని మార్బుర్గ్‌లో వాళ్లిద్దరితో కలిసి ఉల్రిష్ కూల్, హాన్స్-యుర్గెన్ స్టోక్‌మన్ దీన్ని చేతులతో చేసి చూశారు. మైక్రోవేవ్ తరంగాలు నడిచే లోహపు గొట్టంలో 100 మరలు బిగించారు. లెక్క చెప్పిన వరుసలో ఒక్కో మరను ఒక్కో లోతుకు తిప్పారు. చూసేవాళ్లకు అది పొందికలేని మరల వరుసే. తరంగాలు మాత్రం లెక్కకు లోబడ్డాయి. పోవాల్సినవి పోయాయి, ఆగాల్సినవి ఆగాయి.

అణువులతో ఇదే చేయాలంటే అణువును అలగా మార్చాలి. దానికి చలి కావాలి, ఈ భూమ్మీద ఎక్కడా లేనంత చలి.

పాలెసో: చీకట్లో 17,000 అణువులు

అణువు వేగం తగ్గేకొద్దీ దాని అల పొడవు పెరుగుతుంది. పూర్తి శీతల స్థితికి ఒక డిగ్రీలో కోట్ల వంతు దూరంలోకి చల్లబరిస్తే వేలాది అణువుల అలలు ఒకదానిమీదొకటి పరుచుకుని ఒకే పెద్ద అలగా కదులుతాయి. దీనికి బీజం 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టీన్‌కు పంపిన పత్రంలో ఉంది. 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ దాన్ని కళ్లకు కట్టారు.

పారిస్ శివార్లలోని పాలెసోలో ఉన్న అలైన్ ఆస్పే బృందం ఆ పెద్ద అలను చిందరవందర దారిలోకి వదలాలనుకుంది. ఫిలిప్ బూయే, జూలియెట్ బిలీ ఆ బృందంలో వాళ్లే. అడ్డంకుల కోసం రాళ్లు వెతకనక్కర్లేదు, వెలుతురు చాలు. ఆకుపచ్చని లేజర్‌ను గరుకు గాజుపలక గుండా పంపితే అవతల చుక్కలు చుక్కలుగా వెలుగునీడలు పడతాయి. దాన్ని ‘స్పెకిల్’ అంటారు. రుబీడియం అణువుకు ప్రతి వెలుగుచుక్కా ఒక గుట్ట, ప్రతి నీడా ఒక పల్లం.

2005లో ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ బృందాలు మూడు వేర్వేరుగా ప్రయత్నించాయి. అణువులు ఆగాయి. కానీ అది ఆండర్సన్ చెప్పిన ఆగడం కాదు. అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, జోరు తగ్గినవి గుట్టల నడుమ ఇరుక్కుపోతున్నాయి. గోడకు కొట్టుకుని ఆగడం వేరు, సొంత ప్రతిధ్వనికి ఆగడం వేరు. మూడేళ్లు ఆ తేడా కోసమే పని చేశారు.

చివరికి దారి ఇలా కుదిరింది. సుమారు 17,000 రుబీడియం-87 అణువుల మబ్బు. దాన్ని పక్కలకు పోనివ్వకుండా ఒక కాంతి కాలువ. పొడుగునా ఆకుపచ్చ స్పెకిల్. అందులోని గుట్టలు అణువుల శక్తి ముందు చాలా చిన్నవి. బంతిలా దొర్లేవైతే అణువులు వాటిని లెక్కచేయకుండా దాటిపోవాలి.

మబ్బును పట్టి ఉంచిన బిగువును వదిలారు. అది కాలువ పొడవునా రెండు వైపులా పరుచుకుంది. సుమారు అర సెకను గడిచాక పరుచుకోవడం ఆగింది. ముందర గోడ లేదు. ఫోటో తీసి, అంచుల్లో అణువుల సాంద్రతను లాగరిథం కొలతతో గీస్తే తిన్నని గీత వచ్చింది. అంగ అంగకూ అదే వంతున కరిగిపోయే అల. ఆండర్సన్ కాగితం మీద రాసింది యాభై ఏళ్లకు కంటికి కనిపించింది.

ఆ ప్రయోగంలో రెండో అంకం ఉంది. నా దృష్టిలో అసలు కథ అదే.

స్పెకిల్ చుక్కలు పూర్తిగా గుడ్డివి కావు. వాటిని ఏర్పరచే కటకానికి ఒక వెడల్పు ఉంది. అందువల్ల ఒక కొలత కంటే సన్నని గింజ అందులో పుట్టదు. పక్కపక్కనే ఉన్న రెండు చోట్లు ఒకదాన్నొకటి పోలి ఉండి తీరాలి. ఇక్కడ ఆ గింజ మీటరులో సుమారు 40 లక్షల వంతు. ఈ పోలిక అల మీద ఏం చేస్తుందో 2007లోనే లారాన్ సాంచెజ్-పాలెన్సియా, ఆయన సహచరులు లెక్కగట్టారు. ఒక అలను వెనక్కి తిప్పాలంటే, దాని పొడవులో సగం దూరానికి ఒకసారి మళ్లీ మళ్లీ వచ్చే ఎగుడుదిగుడు ఆ దారిలో ఉండాలి. నిదానంగా వెళ్లే అణువుకు పొడవైన అల, దాన్ని తిప్పే ఎగుడుదిగుడు స్పెకిల్‌లో దొరుకుతుంది. వేగంగా వెళ్లే అణువుకు పొట్టి అల, దాన్ని తిప్పాలంటే సన్నని ఎగుడుదిగుడు కావాలి. స్పెకిల్‌లో అంత సన్ననిది లేనే లేదు.

కాబట్టి మబ్బులో అణువుల సంఖ్యను పది రెట్లు పెంచారు. దట్టమైన మబ్బు మరింత గట్టిగా తోసుకుంటుంది, అణువులు మరింత వేగంతో బయలుదేరతాయి. ఈసారి అంచుల్లో ఆ తిన్నని గీత రాలేదు. సాంద్రత మెల్లగా తగ్గుతూ దూరదూరాలకు సాగింది. వేగపు అణువులు అసలెప్పటికీ ఆగవని దీనికి అర్థం కాదు. అవి ఆగడానికి పట్టే దూరం ఎన్నో రెట్లు పెరిగిపోయింది, ప్రయోగశాల చూడగలిగినంత మేరా వాటికి దారి దొరికింది. అదే గాజుపలక, అదే ఆకుపచ్చ కాంతి. అడ్డంకుల మధ్య ఉన్న చుట్టరికమే ఎవరిని ఆపాలో, ఎవరిని పోనివ్వాలో నిర్ణయించింది.

ఫ్లోరెన్స్: రెండు గొర్లు

2008 జూన్ 12 నాటి ‘నేచర్’ సంచికలో ఆ పత్రం పక్కనే ఇటలీ నుంచి మరో పత్రం ఉంది. ఫ్లోరెన్స్‌లో జాకొమో రొయాతి, మాసిమో ఇంగూషో బృందం గాజుపలక జోలికి పోలేదు. ఎదురెదురు లేజర్లతో ఒకే కొలత ఎడముండే గుంటల వరుస కట్టింది. దానిమీద వేరే రంగు లేజర్‌తో, వేరే ఎడంతో రెండో వరుస పరిచింది. ఒకే చేనులో రెండు వేర్వేరు ఎడాల గొర్లు తోలినట్టు. రెండు రకాల సాళ్లూ ఎక్కడా సరిగ్గా కలవవు. దేనికది క్రమమే, కలిస్తే మాత్రం క్రమం తప్పుతుంది. అందులోకి ఒకదాన్నొకటి తోసుకోకుండా మచ్చిక చేసిన పొటాషియం-39 అణువులను వదిలారు.

ఇలాంటి దారిలో ఏం జరగాలో 1980లోనే సెర్జ్ ఓబ్రీ, జిల్ ఆండ్రే లెక్క చెప్పి ఉన్నారు. రెండో సాలు లోతు, దూకే బలానికి రెండింతలయ్యేదాకా ఏ అలా ఆగదు. అది దాటితే ప్రతి అలా ఆగుతుంది. పూర్తి పొత్తున్న చిందరవందర అది, అందుకే దాని తీర్పు కూడా అంత ఖచ్చితం. ఫ్లోరెన్స్ అణువులు ఆ తీర్పును పాటించాయి.

అప్పటి నుంచి ఈ పని ఆగలేదు. 2015లో మ్యూనిక్‌లో, ఒకదాన్నొకటి తోసుకునే అణువులు కూడా ఇలాంటి దారిలో తమ మొదటి అమరికను మరిచిపోకుండా నిలుపుకోవడం చూశారు. ఇల్లినాయిస్‌లో గొలుసులోని ఒక్కో లంకెనూ విడివిడిగా మలిచే ప్రయోగాలు జరిగాయి. చెదిరిన వరుస శత్రువే కానక్కర్లేదు, దాన్ని మలచవచ్చని ఈ పనులన్నీ చెబుతున్నాయి. 2020 మార్చి 29న, 96 ఏళ్ల వయసులో ఆండర్సన్ కన్నుమూశాడు. తన పత్రంలోని అల ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దారి దొరుకుతుందో రెండూ చూసి వెళ్లాడు.

మళ్లీ కళ్లంలో

అణువుల దారిని లేజర్‌తో మలచుకోవచ్చు. మా ఆకాశాన్ని ఎవరూ అలా మలచలేరు. ఆ తేడా నాకు తెలుసు. అయినా మా జేజినాయన మాటలో ఉన్న నిజం, ఆ ప్రయోగశాలల్లో తేలిన నిజం ఒకే మట్టిలోవని నా నమ్మకం. వానకొలత పాత్ర ఏడాది మొత్తాన్ని చెబుతుంది. ఆ మొత్తంలో ఏ వానకు ఏ వాన తోడొచ్చిందో చెప్పదు. గుట్టల ఎత్తు సగటు చెబితే అణువు ఆగుతుందో సాగుతుందో తేలదు. పక్కనున్న దానితో దానికున్న పొత్తు అడగాలి.

కరువు సాయం లెక్కలు కట్టేవాళ్లు, పంట నష్టం అంచనా వేసేవాళ్లు ఈ సంగతి మనసుకు తీసుకోవాలని నా కోరిక. సగటు వాన పడింది కదా అన్న ఒక్క మాటతో ఎండిన ఊడను పక్కన పెట్టకూడదు.

మొదటి వాన పడిన రోజు మా పల్లెల్లో పిల్లలు ఎగురుతారు. మట్టి వాసన ఇల్లంతా నిండుతుంది. పెద్దవాళ్లు గొర్రు దించి, విత్తనం తీసి, చేనుకు పోతారు. పని అయ్యాక గట్టు మీద కూర్చుని, పడిన వాన సంగతి ఎవరూ మాట్లాడరు. పడమటి వైపు చూస్తారు. దాని తోడు వాన ఎప్పుడొస్తుందో అని.